తొమ్మిదో కెమెరాకి రాసిన లైను

బస్ స్టేషన్లో ఆమెని అందరూ కెమెరాలక్క అంటారు. మేడ మీద కిటికీ లేని గదిలో కూర్చుని, స్టేషన్లోని కెమెరాలన్నిటినీ ఆడించేది ఆమే. ఆడించడమంటే చేత్తో తిప్పడం కాదు. ప్రతి కెమెరాకీ కొన్ని గుణాలుంటాయి: ఎటు తిరగాలి, ఎంత వంగాలి, ఎంత దగ్గరగా చూడాలి. ఏ గుణం ఎప్పుడు మారాలో ఆమె కంప్యూటర్లో స్క్రిప్టు రాసి పెడుతుంది. సామాన్ల గది తలుపు తెరుచుకుంటే ఫలానా కెమెరా అటు తిరుగుతుంది. స్విచ్చర్ అనే పెట్టె ఆ బొమ్మని ఫలానా తెర మీద వేస్తుంది. కెమెరాలు ఎదురు చెప్పవు, అలగవు. వాటితో మెలిగి మెలిగి, మనుషులూ అంతేనని ఆమెకో నమ్మకం ఏర్పడింది. చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచుతో కూడా "కాస్త ఎడమకి జరుగు, చాలు, అక్కడే ఉండు" అని మాట్లాడుతుంది.

ఆమె మొగుడు అదే స్టేషన్లో బస్సు డ్రైవరు. అతని గుణాలు ఏం రాసినా మారవు. నెమ్మదిగా మాట్లాడతాడు, గట్టిగా అలుగుతాడు.

ఈమధ్య ఒకరోజు అతను బస్సు వెనక్కి తీస్తూ క్యాంటీన్ గోడకి ఆనించాడు. ఆనించాడన్నది అతని మాట. గోడ పడిపోయింది. వెనక ఎవరో అడ్డం వచ్చారని మేనేజరుకి చెప్పుకున్నాడు. మేనేజరు వీడియో అడిగాడు. ఆమె తీసి ఇచ్చింది. అందులో ఎవరూ అడ్డం రాలేదు.

"ఏ పెళ్ళామైనా మొగుడి మీద సాక్ష్యం చెబుతుందా?" అన్నాడు అతను ఆ సాయంత్రం.

"నేనెక్కడ చెప్పానండీ? కెమెరా చెప్పింది."

"అయితే ఆ కెమెరాతోనే కాపురం చెయ్యి."

సంచీ సర్దుకుని డ్రైవర్ల విశ్రాంతి గదికి మారిపోయాడు. ఆమె రమ్మనలేదు, అతను వస్తాననలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ ఇంట్లో మొండివాళ్ళే ఇద్దరు, రాజు లేడు.

నోటితో అనకపోయినా ఆమెకి బెంగ పట్టుకుంది. వేళకి తింటున్నాడో లేదో, కంటినిండా నిద్రపోతున్నాడో లేదో. అసలు ఇంటికొస్తాడో రాడో. ఫోన్ చేస్తే ఓడిపోయినట్టు. అందుకని ఎవరికీ చెప్పకుండా స్క్రిప్టులో ఒక లైను కలిపింది. అతని బస్సు నంబరు గేటు దాటగానే మామూలుగా సామాన్ల వైపు చూసే తొమ్మిదో కెమెరా డ్రైవరు సీటు వైపు తిరగాలి, ముఖం కనిపించేంత దగ్గరగా చూడాలి. ఏ తెర మీద వెయ్యాలో మాత్రం రాయలేదు. రాయకపోతే స్విచ్చర్ చివరగా వాడిన తెర మీదే వేస్తుంది. ఆ తెర ఎప్పుడూ ఆమె బల్ల మీది చిన్నదే కాబట్టి, మళ్ళీ రాయడమెందుకని బద్ధకించింది. రోజూ అందులో మొగుడి ముఖం వచ్చేది. బాగానే ఉన్నాడనుకుని పనిలో పడేది.

పెద్దాఫీసు నుంచి అధికారిణి తనిఖీకి వచ్చింది. ప్రమాదం జరిగితే హెచ్చరిక స్టేషనంతా ఎలా కనిపిస్తుందో చూపించమంది. కెమెరాలక్క స్విచ్చర్‌కి తెర అన్నచోట 'అన్నీ' అని పెట్టి, హెచ్చరిక వేసి చూపించి, తీసేసింది. అధికారిణి బాగుందంది. మేనేజరు తనకీ బాగుందన్నాడు. తెరని మళ్ళీ చిన్నదానికి మార్చాలన్న సంగతి ఆ పొగడ్తల్లో కొట్టుకుపోయింది. అప్పుడే అతని బస్సు గేటు దాటింది.

తొమ్మిదో కెమెరా చెప్పిన పని చెప్పినట్టు చేసింది. వెయిటింగ్ హాల్లో, టికెట్ కౌంటర్ల పైన, క్యాంటీన్లో, ఎక్కడ చూసినా డ్రైవరు ముఖమే. అతను బస్సు ఆపి జేబులోంచి సూదీ దారం తీశాడు. చొక్కాకి ఒక బొత్తాం లేదు. దారం కొస నోట్లో తడిపి, సూదిని వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి గురి చూశాడు. దారం పక్కనుంచి వెళ్ళింది. మళ్ళీ తడిపాడు. హాల్లో మాటలు ఆగాయి. క్యాంటీన్లో ఒకాయన కప్పుని పెదాల దగ్గరే ఉంచేశాడు. ఈసారీ పక్కనుంచే వెళ్ళింది.

"కొస కత్తిరించుకో నాయనా," అని టికెట్ల వరసలోని ముసలావిడ తెరకి సలహా చెప్పింది.

మేడ మీద కెమెరాలక్క తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

"ఎవరీయన?" అంది అధికారిణి.

"డ్రైవరు, మేడం."

"కెమెరా ఈయన దగ్గరికే ఎందుకెళ్ళింది?"

మెషీన్ పాడైందంటే నమ్ముతారు. కానీ మొగుడి కోసం ఆడని అబద్ధం తన కోసం ఆడటానికి ఆమెకి నోరు రాలేదు.

"నేనే రాశాను, మేడం. మా ఆయన. ఇంటికి రావటం లేదు. ఎలా ఉన్నారో చూసుకుందామని."

మేనేజరు తెరకేసి పరీక్షగా చూశాడు. "క్యాంటీన్ గోడ ఈయనదే కదూ?"

"ఆయనదే సార్."

ఈలోగా కండక్టరు బస్సెక్కి డ్రైవరుకి ఎదుటి తెర చూపించాడు. అతను అందులో తనని చూసుకున్నాడు. తర్వాత మెల్లగా కెమెరా వైపు తల తిప్పాడు. దాన్ని తనకేసి తిప్పే మనిషి స్టేషన్ మొత్తంలో ఎవరో అతనికి తెలుసు. బస్సు దిగి, కెమెరా కింద నిలబడి, సూదీ దారం పైకెత్తి ఏదో అన్నాడు. కెమెరాకి చెవుల్లేవు.

"ఏమంటున్నాడు?" అంది అధికారిణి.

"దారం ఎక్కించమంటున్నారు, మేడం."

"వెళ్ళి ఎక్కించు. వచ్చాక ఆ లైను తీసెయ్యి."

కంగారులో ఆమె తెరలన్నీ అలాగే వదిలేసి కిందికి వెళ్ళింది. సూది అందుకుని, కొస కొరికి, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించింది. వరసలో ముసలావిడ తల ఊపింది. ఆ తర్వాతి మాటలు మాత్రం హాల్లో ఎవరికీ వినిపించలేదు.

"గోడ నేనే గుద్దాను," అన్నాడు అతను.

"తెలుసండీ. చూశాను."

"బొత్తాం కుడతావా?"

"ఇంటికొస్తే కుడతాను."

సాయంత్రం సంచీతో వచ్చాడు. వచ్చినందుకు ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. సూది గుచ్చుకుందని చెప్పింది.

లైను ఆమె అప్పుడే తీసేసింది. తొమ్మిదో కెమెరా మళ్ళీ సామాన్ల వైపే చూస్తోంది. ఆ సంగతి అతనికి తెలియదు. రోజూ బస్సు ఆపగానే తల దువ్వుకుని, బొత్తాలు సరిచూసుకుని, కెమెరాకేసి తిరిగి నిటారుగా కూర్చుంటాడు. అది చూడటం లేదని చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు. అతని బస్సు వచ్చే వేళకి మిగతా పనులు పక్కనపెట్టి, తొమ్మిదో కెమెరాని చేత్తో తిప్పుతుంది.