చిక్కడపల్లి సందులో శుక్రవారాలు

మొన్న మా అశోక్‌నగర్ ఇంటికి ఒక చిన్న సిస్టరుగారు వచ్చారు. తమ మఠంతో కలిసి సేవచేసే సంసారుల కోసం కొత్తగా ఒక బృందం పెట్టామనీ, నెలకోసారి కూడుకుంటామనీ చెప్పి, వెనకటి రోజుల్లో నేను వాళ్ళ పెద్దలతో పనిచేశానని విన్నారట, వచ్చి నాలుగు మాటలు చెప్పమని అడిగారు. వెళ్ళి చెప్పాను కూడా. కాని మైకు ముందు నిలబడితే నాకు సగమే గుర్తొస్తుంది. మిగతా సగం, ఆ రోజులు చూసిన నా ఈడువాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

అరవై తొమ్మిదిలో నేను కోఠీలో బి.ఏ. ముగించి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్నాను. మాది గుంటూరు వైపు. నాన్నగారి ఆఫీసుతోపాటే ఈ ఊరొచ్చి, అశోక్‌నగర్‌లో ఒక మేడమీది వాటాలో కిరాయికి దిగాం. కింద ఉండే ఇంటివాళ్ళు తరతరాలుగా ఇక్కడివాళ్ళే. వాళ్ళ పెద్దకోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒకసారి స్టవ్ మీద చెయ్యి కాల్చుకుని ఆవిడ చిక్కడపల్లి సందులో సిస్టర్లు నడిపే చిన్న దవాఖానాకు వెళ్ళింది. చెయ్యి మానిపోయినా వెళ్ళడం మాత్రం మానలేదు. కొన్నాళ్ళకు నన్నూ వెంటబెట్టుకుపోయింది.

పెంకులకప్పు, రెండు గదులు, ముందొక అరుగు, అంతే ఆ దవాఖానా. శుక్రవారం పొద్దున్నే కాచిగూడ స్టేషను వైపు నుంచి కుష్టురోగులు నడిచొచ్చి ఆ అరుగు మీద కూర్చునేవారు. నారాయణగూడ మఠం నుంచి వచ్చే పెద్ద సిస్టరుగారు వాళ్ళ పాదాలు మందునీళ్ళతో కడిగి కట్లు కట్టేవారు. పాత పంచెలు చించి, ఉడకబెట్టి, ఆరేసి, చుట్టలు చుట్టడం మా పని. రోగుల దగ్గరికి నేను వెళ్ళేదాన్ని కాదు, సిస్టర్లూ పిలిచేవారు కాదు. మేము క్రైస్తవులం కాము కదా, ఇందులో మీకేమైనా అభ్యంతరం ఉంటుందా అని నేనొకసారి నసుగుతూ అడిగితే, ఆవిడ మలయాళ యాసలో నవ్వుతూ, "మా ప్రార్థన మేం చేసుకుంటాం, మీ పూజ మీరు చేసుకోండి. పుండు మాత్రం కలిసి కడుగుదాం" అన్నారు.

ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముదిరింది. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, కర్ఫ్యూ ఎప్పుడు పెడతారో ఎప్పుడు తీస్తారో తెలిసేది కాదు. సరిగ్గా అప్పుడే పెద్ద సిస్టరుగారు టైఫాయిడ్‌తో మంచమెక్కారు. నర్సు పని తెలిసిన ఇంకో సిస్టరు సొంతూరు వెళ్ళి, రైళ్ళు లేక అక్కడే చిక్కుకుపోయింది. పరిస్థితులు చక్కబడేదాకా దవాఖానా మూసేయక తప్పదని, చూడ్డానికి వెళ్ళిన మాతో సిస్టరుగారు నీరసంగా చెప్పారు.

అక్క ఊరుకోలేదు. "మనం ఆగుతం సిస్టరుగారూ, పుండు ఆగుతదా? తాళంచెవి మాకియ్యుండ్రి" అంది. మఠం నమ్మి అప్పగించిన పనిని బయటివాళ్ళ చేతుల్లో పెట్టడం సిస్టరుగారికి తేలిక కాదు. చివరికి దిండు కింది నుంచి తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టారు.

ఇంట్లో అమ్మ గొల్లుమంది. "మన మాట వింటేనే ఏ ప్రాంతమో తెలిసిపోతుంది, ఈ రోజుల్లో గడప దాటతావా?" అంది. అక్క మా మెట్లెక్కి వచ్చి, "నేనున్న గద అమ్మా, నా ఎంబడి వస్తది, నా ఎంబడే తిరిగొస్తది" అంది. అమ్మ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

కర్ఫ్యూ సడలించిన ఆ శుక్రవారం, సందు మొదట్లో కొందరు కుర్రాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఏడికి పోతున్నరని అడిగారు. అక్క నోరు తెరిచేలోపే, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తెగువ, నా యాసలోనే చెప్పాను. "మాది గుంటూరు. కుష్టురోగులకు కట్లు కట్టడానికి వెళ్తున్నాం." వాళ్ళలో ఒకతను పక్కకు జరిగి, "పోండ్రి అక్కా. జర జల్ది ఇల్లు చేరుండ్రి" అన్నాడు.

అరుగు మీద అప్పటికే జనం ఉన్నారు. ముందు కూర్చున్న ముసలమ్మ నన్ను చూసి చాపిన కాలు వెనక్కి లాక్కుంది. "సిస్టరమ్మ రాలేదా? నీకెందుకు బిడ్డా, పెండ్లి కావలసిన పిల్లవు" అంది. అక్క అవతల మరొకరి కట్టు విప్పుతోంది; చేతులు చాలవు. నేను కింద కూర్చుని ఆ కాలు తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. గోరువెచ్చని నీళ్ళు పోసి తుడుస్తుంటే అది రోగమనిపించలేదు, పాదమనిపించింది. కట్టు ముడివేసేసరికి భయమెటుపోయిందో తెలియలేదు. ముసలమ్మ నా తల మీద చెయ్యి పెట్టబోయి ఆగిపోతే, నేనే తల వంచాను.

అలా సిస్టరుగారు కోలుకునేదాకా మేమే నడిపాం. ఒక శుక్రవారం ఆవిడ గోడలు పట్టుకుంటూ వచ్చారు. నేను లేచి కట్ల పళ్ళెం అందించబోతే తీసుకోకుండా, రోగుల పక్కన అరుగు మీద చతికిలబడి, మా పని చూస్తూ కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు అక్క తాళంచెవి ఇవ్వబోతే, "ఉంచుకోండి. నేను ఇంకోటి చేయించుకుంటాను" అన్నారు. పెద్ద ఉద్యోగాలు చేశాను, సన్మానాలూ జరిగాయి. ఆ మాటకు సాటివచ్చేది మళ్ళీ వినలేదు.

ఇప్పుడు ఆ సందులో పెంకుటిళ్ళు లేవు. అక్కా లేదు. ఆ జబ్బుకు మంచి మందులొచ్చాయి, అలాంటి పుండ్లు ఈ కాలం పిల్లలు చూసి ఉండరు, అందుకు సంతోషమే. అయితే నారాయణగూడ చౌరస్తాలో ఒకరినొకరు తప్పించుకుంటూ పోయే జనాన్ని చూసినప్పుడల్లా, పేరూ ఊరూ తెలియని మనిషి పాదాన్ని ఒళ్ళోకి తీసుకునే చనువు కూడా ఆ పుండ్లతోపాటే మనల్ని విడిచిపోయిందేమోనని మనసు చివుక్కుమంటుంది.