గడ్డం పైకి గారి ఆఖరి చేప

పాస్‌పోర్టు ఫోటోలు తీసే ఆయన్ని పేటంతా ‘గడ్డం పైకి గారు’ అనేది. స్టూలు మీద కూర్చున్న ప్రతివాడికీ ఆ మాటే చెప్పి, టక్కున నొక్కి, మరుక్షణం లెన్సుకి మూత పెట్టేసేవారు. వీధి దుమ్మంటే అంత భయం మరి. సెలవు రోజున మాత్రం కెమెరాని నీళ్లు చొరని పెట్టెలో బిగించి, పడవెక్కి, పగడపు దిబ్బల దగ్గర మునిగేవారు. స్టూడియో గోడ నిండా చేపలే.

"వాటికీ పాస్‌పోర్టులు ఇప్పిస్తారా ఏమిటి?" అనేది భార్య. బకెట్టులోవి తప్ప వేరే నీళ్లంటే ఆవిడకి హడలు.

ఒక్క ఫోటో మాత్రం ఆయనకి చిక్కలేదు. దిబ్బ అంచున ఇసుక బొరియలో ఉండే వేలెడంత చేప అది. ఆడది పెట్టిన గుడ్లని మగది నోట్లో దాచుకుని, పిల్లలయ్యేదాకా తిండి మానేస్తుంది. గుడ్లకి కొత్త నీరు తగలాలని ఎప్పుడో ఒకసారి నోరు బార్లా తెరుస్తుంది. ఆ క్షణం కోసం ఆయన ఏళ్ల తరబడి కాపు కాశారు. ఇంతలో చెవి మొరాయించింది. ఈ ఒక్కసారికి సరే, ఆపైన మునిగితే వినికిడి పోతుందన్నాడు డాక్టరు.

ఆ ఆఖరిసారి, చేప బెదరకూడదని బొరియ దాకా ఈదేటప్పుడు కెమెరా ముట్టనే లేదు. ఇసుక మీద బోర్లా పడుకుని ఎదురుచూశారు. చాలాసేపటికి చేప తల బయటపెట్టింది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. కెమెరా ఎత్తితే అంతా చీకటి! పొద్దున బిగించేటప్పుడు అలవాటు కొద్దీ మూత పెట్టేశారు. నీళ్లలో పెట్టె తెరిచే వీల్లేదు. సరిగ్గా అప్పుడే చేప నోరు తెరిచింది.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. ఏడుపొక్కటే తక్కువ.

"దొరికిందా?" అంది భార్య.

"మూత తీయలేదే."

ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకుంది. పక్కనే కూర్చుని, "పోనీ, ఎలా ఉందో చెప్పండి" అంది.

ఇన్నేళ్లూ ఆయన ఫోటోలు చూపించారే గాని, ఏ చేప గురించీ ఆవిడకి చెప్పలేదు. "గుడ్ల నిండా వెండి కళ్లే. అన్నీ నన్నే చూశాయి" అని మొదలుపెట్టి, మాటలు చాలక, బుగ్గలు పూరించి, కళ్లు ఇంతలేసి చేసి, నోరు బార్లా తెరిచారు.

"అలాగే ఉండండి. గడ్డం కొంచెం పైకి" అంటూ ఆవిడ ఫోనులో టక్కున నొక్కింది.

ఇప్పుడది గోడ మీద చేపల మధ్య ఉంది. ఇదేం చేపండీ అని ఎవరైనా అడిగితే, ఆయన గొంతు సవరించుకునేలోపే ఆవిడ అందుకుంటుంది. బొరియ దగ్గర్నుంచి వెండి కళ్ల దాకా, పక్కనుండి చూసినట్టే చెబుతుంది.