ఇంట్ల ఇడిసిన మాట

మా పెద్దనాయిన మొన్న ఆదివారం పొద్దుగాల పోయిండు. జనగామ గంజ్‌ల వర్తక సంఘానికి ఏండ్లకేండ్లు అధ్యక్షుడాయన. కబురు తెలువంగనే ధాన్యం దుకాణాలన్నీ మూసిన్రు. నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. చెప్పవలసిన ఒక్క మాట చెప్పకుండనే పోయిండు గదా అని.

మేం మూస్తే బంద్, హమాలీలు ఆపితే సమ్మె అనేటోళ్లు మా గంజ్‌ల. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంల మాత్రం రెండూ ఒక్కనాడే జరిగినయి. షావుకార్లు దుకాణాలు మూసిన్రు, హమాలీలు బస్తా దించలేదు. అప్పుడే పెద్దనాయినకు హమాలీ సంఘం మేస్త్రితోని దోస్తానా కుదిరింది. గంజంతా "సేటు" అంటే మేస్త్రి ఒక్కడే "అన్నా" అనేటోడు. రోజూ ఒక్క చాయ్ తెప్పించి, కప్పు మేస్త్రికిచ్చి, సాసర్ తను పట్టుకునేటోడు పెద్దనాయిన. తోటి షావుకార్లు మూతి ముడిస్తే, "మనకు సంఘముండాలె, వాళ్లకొద్దంటె ఎట్లనయ్యా? రైతు తెచ్చింది మనం కొనాలె, వాళ్లు మొయ్యాలె. ఎవరి చెయ్యి ఆగినా పట్నంల పొయ్యి వెలగది" అనేటోడు.

ఆయనకొక వింత అలవాటుండె. సంఘం మీటింగుకు పోయే ముందు అంగీ తొడుక్కుంట, "నా మాట ఇంట్లనే ఇడిసిపోతున్న" అనేటోడు. పదిమంది ఏమంటే అదే బయట చెప్పాలె, అధ్యక్షుడికి సొంత మాటుండొద్దని ఆయన పట్టు. "ఇడిసిపోతే నేనేం జేసుకోవాలె, తాలింపెయ్యాల్నా?" అని పెద్దమ్మ నవ్వేది.

హమాలీల సమ్మె వచ్చేదాక అది నవ్వులాటే. క్వింటాలు బస్తాలు మోసి మోసి నడుములు పోతున్నయి, బస్తా చిన్నది చేయున్రని వాళ్లు పని ఆపిన్రు. పెద్దనాయిన కంచం ముందర కూసొని, "వాళ్లడిగేది న్యాయమే. మేస్త్రి నడుము నాకు కనవడ్తలేదా?" అన్నడు. మీటింగుల పదిమందీ ఒద్దన్నరు. ఈయన బయటికొచ్చి, "బస్తా తగ్గది" అన్నడు.

మేస్త్రి ఆయన మొకంలకు చూసిండు. "గది సంఘం మాటన్నా. నీ మాటేంది?"

పెద్దనాయిన తల దించుకొని అంగీ గుండీ సర్దుకున్నడు.

"మంచిది సేటు" అని మేస్త్రి ఎల్లిపోయిండు.

వానకు వడ్లు తడుస్తున్నయని రైతులు మొత్తుకుంటుంటే, హమాలీలు పాత బస్తాకే ఒప్పుకొని పనిల దిగిన్రు. ఏడాది తిరగకముందే మేస్త్రి నడుము పడిపోయింది. సొంతూరు దేవరుప్పులకు పోయిండు. పెద్దనాయిన మేస్త్రి కప్పు ఎదురుంగ పెట్టుకొని సాసర్లనే తాగేటోడు. "పోయి ఒక్కపారి కలువు పెద్దనాయినా" అంటే, "ఏ మొకం పెట్టుకొని పోవాలెరా" అనేటోడు. బస్సెక్కితే ఎంత దూరం దేవరుప్పుల! ఎక్కలేదు. సంఘానికిచ్చిన మాట తప్పని మనిషని ఆయనంటే నాకిప్పటికీ గౌరవమే. కానీ సంఘం పదిమందికి బలం గావాలె గాని ఒక్క మనిషి నోరు కట్టెయ్యొద్దు గదా. ఈ బాధ నాకు తీరేది కాదు.

పాడె లేచే యాళ్లకు మేస్త్రి వచ్చిండు. కర్ర పట్టుకొని సగానికి వంగిపోయిండు. భుజం పెడ్తనంటే మేమే ఒద్దన్నం. పక్కపొంటి నడిసిండు.

దింపుడు కల్లం కాడ పాడె దించినం. పానం ఉన్నదేమోనని ఆఖరు పారి చెవిల పిలిచే చోటది. కొడుకులు పిలిచిన్రు, నేను పిలిచిన. మేస్త్రి కర్ర అవతల పడేసి మోకాళ్ల మీద కూలబడ్డడు.

"అన్నా, గీడ మీటింగు లేదు. ఇప్పుడన్న నీ మాట చెప్పు."

చెప్పి, తన చెవి ఆయన పెదవులకు ఆనించిండు. పొద్దుపోతుందని ఎనుక నుంచి ఎవరో అంటున్నరు. మేస్త్రి లేవలేదు.