అన్నీ పాడైపోయిన గెస్ట్‌హౌస్

ఫెలిసియన్ బాబాయి గెస్ట్‌హౌస్‌లో ఏ వస్తువూ పని చేయదు. అతిథి ఏది అడిగినా బాబాయి దగ్గర ఒకటే జవాబు: "పాడైంది." ఆ మాట ఆయన సిగ్గుపడుతూ అనడు, నొచ్చుకుంటూ అనడు. ఫాదర్ దీవెన ఇచ్చినంత ప్రశాంతంగా అంటాడు.

వింతేమిటంటే, మా డొమినికా దీవి ఉత్తర తీరంలో బాబాయిని మించిన మెకానిక్ లేడు. సగం జీవితం ఓడల్లో ఇంజన్లతో కాపురం చేసి వచ్చిన మనిషి. చర్చి జనరేటరు, జాలర్ల మోటార్లు, నా డొక్కు వ్యాను, ఆఖరికి మా అమ్మ కుట్టుమిషను కూడా ఆయన చెయ్యి పడితే లేచి కూర్చోవాల్సిందే. అలాంటివాడి ఇంట్లో మాత్రం కుళాయి దగ్గర్నుంచి స్టవ్ దాకా అన్నిటికీ జబ్బే. దీపం కింద చీకటి అన్న సామెత ఈయన్ని చూసే పుట్టి ఉంటుందని నా అనుమానం.

నా పని వ్యాను నడపడం. ఎక్కడెక్కడినుంచో దిగిన అతిథుల్ని మా అన్స్ బ్లాంష్ ఊరికి చేర్చేది నేనే కాబట్టి, వాళ్ల తిట్లు ముందుగా తగిలేదీ నాకే. ఒకసారి ఒక కెనడా ఆవిడని దింపి, సామాను లోపల పెడుతున్నాను.

"పొద్దున టిఫిన్ ఎన్నింటికండీ?" అని అడిగింది ఆవిడ.

"స్టవ్ పాడైందమ్మా. ఎదురింట్లో యూజీనీ ఉంది. రొట్టెలు వేయించి ఉప్పుచేప వేపుడు పెడుతుంది. కోకో టీ కూడా ఇస్తుంది. అక్కడికెళ్లండి."

"బట్టలు ఉతుక్కోవాలి."

"మిషను పాడైంది. ఏటి దగ్గర క్లోటిల్డా ఉంటుంది."

"పోనీ, ఆ కట్టేసి ఉన్న పడవలో కాస్త సముద్రం మీదకి తిప్పుతారా?"

"మోటారు పాడైంది. జాలర్లు పొద్దున్నే వెళ్తారు, వాళ్లతో వెళ్లండి. బాగా చూసుకుంటారు."

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అసలు మీ దగ్గర పని చేసేదేమైనా ఉందా?"

బాబాయి నిజాయితీగా ఆలోచించాడు. "గాలి ఉందమ్మా. కిటికీ తీస్తే చాలు, బ్రహ్మాండంగా పని చేస్తుంది."

ఆవిడ అలిగి వెళ్లిపోతుందని వ్యాను ఇంజను ఆపకుండానే ఉంచాను. వెళ్లలేదు. మర్నాడు చూస్తే యూజీనీ అత్త వాకిట్లో పీట మీద కూర్చుని చేమదుంపల తొక్క తీస్తోంది. ఇంకో రెండ్రోజులకి ఎవరి మేక ఈనిందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో మొత్తం చెప్పేసేది. మరుసటి ఏడు చెల్లెల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. ఆ నాలుగు గదుల్లో దిగినవాళ్లంతా అంతే. అతిథుల్లా వచ్చి ఊరికి చుట్టాలై పోయేవారు.

నాకు మింగుడుపడని సంగతి ఒకటుండేది. ఆ పాడైన స్టవ్ కోసం పోర్ట్స్‌మత్ టౌను నుంచి గ్యాస్ సిలిండరు మోసుకొచ్చేవాణ్ణి నేనే.

"స్టవ్ పాడైతే గ్యాస్ ఎందుకు బాబాయ్?" అని అడిగాను ఒకసారి.

"స్టవ్ పాడైతే గ్యాసేం చేసిందిరా పాపం? దాని దారిన అది ఉంటుంది," అన్నాడు.

ఈ గెస్ట్‌హౌస్ ఎలా లేచిందో కూడా చెప్పాలి. పెద్ద తుఫానుకి ఊళ్లో సగం కప్పులు ఎగిరిపోయిన ఏడాదే బాబాయి ఓడ దిగి వచ్చేశాడు. కూడబెట్టినదంతా పోసి, వాళ్లమ్మ స్థలంలో గదులు కట్టుకుంటానన్నాడు. మా దగ్గర ఇల్లు లేపాలంటే కూలీల్ని పెట్టుకోరు, చేతిసాయానికి పిలుస్తారు. శంఖం ఊదితే ఎవరి పని వాళ్లు వదిలేసి రావాలి. పిలిచినవాళ్లు తమ కుండలోంచి అందరికీ కడుపునిండా పెట్టాలి. డబ్బు మాట ఎత్తకూడదు. పెట్టడానికి కుండలో ఏమీ లేనివాళ్లు అసలు శంఖమే ఊదరు, కూలిన గోడ పక్కన కూర్చుని వాన చూస్తారు. మా ఊరి పొగరు అలాంటిది.

యూజీనీ అత్త అలా కూర్చున్న మనిషే. రోడ్డు పక్కన ఆవిడకి చిన్న తిండి కొట్టు ఉండేది. తుఫాను దాన్ని పునాదీ, విరిగిన గోడా తప్ప ఊడ్చుకుపోయి, ఆవిడకి ఒక్క కుండ మాత్రం మిగిల్చింది. బాబాయికి అప్పటికి వంటిల్లు లేదు గనక, ఆవిడ ఆ కుండే నెత్తిన పెట్టుకొచ్చి, బాబాయి కొన్న సరుకులతో గదులు పూర్తయ్యేదాకా పనివాళ్లందరికీ వండి పెట్టింది. ఆఖర్న బాబాయి ఏదో ఇవ్వబోతే గరిటె ఎత్తింది.

"చేతిసాయానికి డబ్బిస్తావా ఫెలిసియన్? నన్ను ఊళ్లోంచి వెలేశావా ఏం?"

బాబాయి డబ్బు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. గెస్ట్‌హౌస్ తెరిచిన రోజే కొత్త స్టవ్ పాడైంది.

అలా నడిచిపోతుండగా రాజధాని రోజో నుంచి సర్కారు తనిఖీకి మిసెస్ ప్రాస్పర్ అనే ఆవిడ వచ్చింది. మంచి మనిషి, కానీ పట్టుదల మనిషి. బోర్డు మీద టిఫిన్ దొరుకుతుందని రాశాక, వంటింట్లో స్టవ్ వెలగాల్సిందేనంది.

"పాడైందండీ," అన్నాడు బాబాయి.

"బాగు చేయించండి. వచ్చే వారం వస్తాను. దీని మీద నాకు నీళ్లు కాచి చూపించాలి. లేదంటే మూయించక తప్పదు. రూలు నేను పెట్టింది కాదు."

ఊరంతా గాబరా పడింది. క్లోటిల్డా కొవ్వొత్తి వెలిగించింది. జాలర్లు వాళ్ల స్టవ్‌లు ఇస్తామన్నారు. బాబాయి మాత్రం అందరికీ "చూద్దాం" అని చెప్పి, వరండాలో కూర్చుని ఎదురింటి వైపు చూస్తూ ఉండేవాడు. ఆదివారం ఆయన చర్చికి వెళ్లగానే నేను పానా పట్టుకుని వంటింట్లో దూరాను. మెకానిక్‌కి మెకానిక్ పని చేసి పెడితే తప్పేముంది?

స్టవ్ అద్దంలా మెరుస్తోంది. వెనక గోడవార గ్యాస్ గొట్టానికి ఉన్న చిన్న కుళాయి లాంటి మర మూసేసి ఉంది. తిప్పి పుల్ల గీస్తే నీలంగా, చక్కగా మంట లేచింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో బాబాయి, చర్చి కోటుతో సహా నిలబడి ఉన్నాడు.

"ఆర్పెయ్యి," అన్నాడు.

"బాగానే ఉంది కదా బాబాయ్."

"మెల్లగా మాట్లాడు, యూజీనీ కిటికీ తెరిచి ఉంటుంది."

అప్పుడు అర్థమైంది నాకు. మిషనూ, పడవ మోటారూ కూడా ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి.

"చెప్పేద్దాం బాబాయ్. గెస్ట్‌హౌస్ నిలబడాలి కదా."

"ఏమని చెప్తావురా? నీ కడుపు నిండాలని బాబాయి నాటకమాడాడని చెప్తావా? ఆ మాట విన్నాక ఇంకొక్క రొట్టె వేయిస్తుందా ఆవిడ? మళ్లీ వెళ్లి ఆ గోడ పక్కనే కూర్చుంటుంది." కోటు విప్పి కుర్చీ మీద వేశాడు. "ఇది పోతే నేను మళ్లీ ఓడెక్కుతాను. ఇంజను గదిలో నా చోటు నాకుంటుంది."

అరిగిపోయిన ఆ మోకాళ్లతో ఆయన ఓడ మెట్లు దిగలేడని ఇద్దరికీ తెలుసు.

మిసెస్ ప్రాస్పర్ చెప్పిన రోజుకే దిగింది. వంటింట్లో ఆవిడా, బాబాయీ, నేనూ. గుమ్మం దగ్గరా, కిటికీల దగ్గరా మిగతా ఊరు.

"నీళ్లు కాచండి," అంది.

బాబాయి స్టవ్‌ని చూశాడు, గుమ్మంలో నిలబడ్డ యూజీనీ అత్తని చూశాడు. "పాడైందండీ," అన్నాడు. ఆ మాట అంత నీరసంగా ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

మిసెస్ ప్రాస్పర్ నిట్టూర్చి సంచీలో పెన్ను వెతుక్కుంటోంది. యూజీనీ అత్త జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చింది.

"పక్కకి జరుగు ఫెలిసియన్."

స్టవ్ వెనక్కి చెయ్యి పెట్టి, చూడనైనా చూడకుండా మర తిప్పింది. పుల్ల గీసి మంట పెట్టి, నీళ్ల గిన్నె ఎక్కించింది. బాబాయి మొహం కాల్చిన సీమపనసలా నల్లబడింది.

"నీకెలా తెలుసు?" అన్నాడు చివరికి.

"శనివారం శనివారం తలుపులు బిగించుకుని ఉప్పుచేప వడలు వేయించుకుంటావు. తుఫానులో నా కొట్టు పోయింది గానీ నా ముక్కు పోలేదు."

"మరి తెలిసి కూడా..."

"తెలిసి కూడా వండాను. కుండలో ఏమీ లేక నేను శంఖం ఊదలేకపోయాను. పిలవకుండానే నువ్వొచ్చావు. వచ్చినవాణ్ణి పొమ్మంటానా?" గిన్నె మీద మూత పెట్టింది. "పైగా నువ్వంత కష్టపడి అబద్ధమాడుతుంటే, తెలిసిపోయిందని చెప్పడానికి మనసొప్పలేదు."

బాబాయి ఆదివారం విప్పిన చర్చి కోటు ఇంకా అలాగే ఉన్న కుర్చీలోనే కూలబడ్డాడు. నీళ్లు మరిగాయి. మిసెస్ ప్రాస్పర్ వాటిని కోకో టీగా మార్చుకుని తాగి, ఇంకో కప్పు పోయించుకుని, స్టవ్‌కి వంక పెట్టేందుకేమీ లేదంది. "రేపట్నుంచి టిఫిన్ ఇక్కడే కదా?" అని అడిగింది వెళ్తూ వెళ్తూ.

"ఈయన వంటా?" అంది యూజీనీ అత్త. "స్టవ్ బాగానే ఉందమ్మా, పాడైంది వండేవాడే. రేపట్నుంచి ఈ స్టవ్ నాది."

ఆ తర్వాతి శనివారం తెల్లారుతూనే శంఖం వినిపించింది. ఊదింది యూజీనీ అత్త. రోడ్డు పక్కన పాత పునాదుల మీదే కొట్టు లేపాలట. బాబాయి అందరికంటే ముందే వచ్చి నిచ్చెన వేశాడు. మోకాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నానికి కప్పు దూలాలు నిలబడ్డాయి. అత్త కుండ దింపింది. అందులో చేమదుంపలు, అరటికాయలు, పంది మాంసం నిండుగా ఉన్నాయి. పిలిచిన ఇల్లాలు మొదటి కంచం ఎవరికిస్తుందో అందరూ చూస్తారు కదా, ఆవిడ తిన్నగా వెళ్లి నిచ్చెన కింద నిలబడింది.

బాబాయి దిగి కంచం అందుకున్నాడు. ఏదో గొప్ప మాట చెప్పబోతున్నట్టు గొంతు సవరించుకున్నాడు. మేమంతా చెవులు రిక్కించాం. ఒక ముద్ద తిన్నాడు, ఇంకోటి తిన్నాడు.

"ఉప్పు తగ్గింది యూజీనీ," అన్నాడు.

"ఆ కళ్లనీళ్లు కంచంలో పడనివ్వు, సరిపోతుంది," అంది ఆవిడ, రెండో కంచం వడ్డిస్తూ.