పసుపు పూసిన ఇనుప తాడు

మా వంశంలో తాడు పని రాని మనిషి లేడు. పెద్దేముల్ దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు మాది. మేక వెంట్రుకలతో పగ్గం పేనడం, జనపనారతో మోకు అల్లడం, తెగినచోట ముడి వేసి మళ్ళీ పనికి తేవడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు. అందుకే పోలీసు చర్య అయిన మరుసటేడు తాండూరు స్టేషను పక్కన ఒక బండల యార్డులో పనికి కుదిరినప్పుడు, ఇక్కడ నన్ను మించినవాడు లేడనుకున్నాను. ఆ గొప్ప ఒక పూటైనా నిలవలేదు.

గనుల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిన రాళ్ళను గూడ్సు వ్యాగన్లలోకి ఎక్కించడం మా యార్డు పని. పలుచటి బండల్ని మనుషులే మోసేవారు. మందమైన పెద్ద రాళ్ళ కోసం చేతితో తిప్పే క్రేన్ ఒకటి ఉండేది. రాయికి చుట్టి క్రేన్ కొక్కేనికి తగిలించే తాడునైనా గొలుసునైనా మేమంతా సిలింగు అనేవాళ్ళం. ఆ సిలింగు వేసే మనిషి రైల్వేలో చాలా కాలం పనిచేసి వచ్చిన ఒక సాయిబు. యాభై దాటినవాడు, సన్నగా, నిటారుగా ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. నన్ను ఆయన కింద పెట్టారు.

చేరిన రోజే ఒక జనపతాడు తెగి కనిపిస్తే, ఎవరూ అడగకుండానే ముడి వేసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది బేటా?"

"మా తాత ముడి, ఉస్తాద్. ఎంత గుంజినా ఊడది."

"ఊడది. తెగుతది. ముడి పడ్డ కాడ తాడు బలం సగమైతది. గొర్రెను కట్టేటందుకు సాలు. బండకు సాలదు."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కత్తి తీసి ఆ తాడును మూరెడు మూరెడు ముక్కలుగా కోసేశాడు. ఎందుకని అడిగితే, "నువ్వు పారేస్తవ్. ఇంకోడు ఏరుకుంటడు. ఆని మీద బండ పడ్తది" అన్నాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఈ వయసులో కూడా. మా తాత ముడిని కోసినందుకు ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు అది తెలిసినట్టే లేదు. సాయంత్రం చాయ్ తాగుతూ నాకూ సాసరులో సగం పోసి ఇచ్చాడు.

తర్వాత మెల్లమెల్లగా నేర్చుకున్నాను. నునుపు చేసిన బండకు జనపతాడు వాడాలి, ఎందుకంటే అది గీతలు పడనివ్వదు. గరుకు రాయికి గొలుసు. పొడుగ్గా, మరీ బరువుగా ఉన్న రాయికి ఇనుప తీగలు పేనిన తాడు. రాయి అంచు పదునుగా ఉంటే, ఏ తాడైనా సరే, మధ్యలో గోనెసంచి మడత పెట్టాల్సిందే. గొలుసు మెలి పడితే విప్పి మళ్ళీ వేయాలి. రాయి కింద నుంచి సిలింగును గుంజి తీయకూడదు, ముందే కట్టెలు పరిచి దాని మీద దింపాలి. సిలింగు రెండు కాళ్ళూ, అంటే కొక్కెం నుంచి రాయికి దిగే రెండు పాయలూ, మరీ విడిపోయి ఉండకూడదన్నది నాకు ఎంతకీ బుర్రకెక్కలేదు. రాయి అదే కదా, బరువు అదే కదా అని వాదించాను. ఆయన నీళ్ళు నింపిన గంగాళం తెప్పించి, ఒక చెవి తాను పట్టుకుని రెండోది నన్ను పట్టుకోమన్నాడు. దగ్గరగా నిలబడితే బాగానే ఉంది. దూరం జరుగుతూ పోయాడు. నా రెట్టలు లాగేసి, గంగాళం వదిలేసి, ఇద్దరం నిలువెల్లా తడిశాం. ఆ తర్వాత వాదించలేదు.

ఇంకో సంగతి. మా యార్డులో క్రేన్ పిడి తిప్పే నలుగురిలో ఇద్దరు కన్నడ దిక్కు వాళ్ళు. ఒకరు ఆపు అంటే ఒకరు రోకో, ఇంకొకరు నిల్సు అని అరిచేవారు. ఆ గోల పడలేక ఉస్తాద్ అరుపులన్నీ మాన్పించాడు. ఆయన చెయ్యి పైకెత్తితే లేపాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. ఇంకెవరు చెప్పినా వినకూడదు, యజమాని చెప్పినా సరే.

ఏడాదికోసారి కొత్త తాళ్ళ కోసం వికారాబాద్ పోయేవాళ్ళం, రైల్లో. అక్కడి అంగడి షావుకారు ఉస్తాద్‌ను చూడగానే నిట్టూర్చేవాడు. పైకి నిగనిగలాడే తాడు చుట్ట ముందు పెడితే, ఈయన దాని పురులు విప్పి లోపల చూసేవాడు, వాసన చూసేవాడు. ఒకసారి అట్లా విప్పితే లోపలి నుంచి బూడిదలా పొడి రాలింది. షావుకారు మొహం మాడ్చుకున్నాడు. "బయటికి పెండ్లికొడుకు లెక్కుంది, లోపట ముసలోడు" అని ఉస్తాద్ నవ్వుతూ చుట్టను వెనక్కి నెట్టాడు. చివరికి షావుకారే లోపలి గదిలోకి తీసుకుపోయి, నచ్చింది ఏరుకోమనేవాడు. ఆ ప్రయాణాలు నాకు చాలా ఇష్టం. తిరుగు రైల్లో తాళ్ళ చుట్టల మీదే కూర్చుని సీతాఫలాలు తింటూ వచ్చేవాళ్ళం.

ఇనుప తాడును చూసే పద్ధతి వేరు. దాన్ని వట్టి చేత్తో నిమిరితే తెగిన తీగ అరచేతిలో దిగుతుంది. అందుకని గుడ్డపీలికతో ఆ కొస నుంచి ఈ కొసదాకా తుడుచుకుంటూ పోవాలి. ఎక్కడ గుడ్డ పట్టుకుంటే అక్కడ తీగ తెగిందన్నమాట. ఉస్తాద్ రోజూ పొద్దున ఈ పని చేసేవాడు. కళ్ళకు మసకలు రావడం మొదలయ్యాక ఆ పని నాకు అప్పగించాడు. నేను చేరి అప్పటికి ఎనిమిది తొమ్మిదేళ్ళు అయింది. నేను పొంగిపోయాను.

ఈలోగా నాకు బంట్వారం దిక్కు సంబంధం కుదిరి పెళ్ళయింది. మా ఇంటామె తమ్ముడు, అంటే నా బామ్మర్ది, అతను కూడా యార్డులో పనికొచ్చాడు. పాతికేళ్ళవాడు, పెళ్ళి కుదిరినవాడు, నోరు మూతపడని మనిషి. తాడుతో లేచిన రాయి ఊగకుండా చెయ్యి పెట్టి పట్టుకునే పని అతనిది. "బావ ఇంట్ల అక్క చెప్పినట్టు ఇంటడు, ఈడ ఉస్తాద్ చెప్పినట్టు ఇంటడు, ఆయనకంటు ఒక తలకాయ లేదు" అని నలుగురిలో నన్ను ఆటపట్టించేవాడు. నేను పళ్ళు కొరికేవాణ్ణి. పంపేటప్పుడు మా ఇంటామె ఒకటే మాట చెప్పింది, "నా తమ్ముడు నీ కండ్ల ముందల పని చేస్తడు. నీదే బాధ్యత" అని.

ఆ ఏడు దసరాకు ముందురోజు యార్డు కడిగారు. పండగనాడు గడ్డపారలు, ఉలులు, సుత్తెలు, క్రేన్, సిలింగులు అన్నిటికీ పూజ. అంతకు ముందంతా ఎవరో ఒకరు ఒక్కోదానికి ఒక పసుపు బొట్టు పెట్టి వదిలేసేవారు. ఆసారి మా ఇంటామె పూనుకుంది. వాళ్ళ పుట్టింట్లో మంద తాళ్ళకు పసుపు పెట్టే పద్ధతి ఒకటుంది. పసుపును గంజితో గట్టిగా కలిపి కొస నుంచి కొసదాకా పూయాలి. వేలెడు జాగా కూడా ఖాళీ వదలకూడదు. పూసిన పసుపును తుడవకూడదు, దానంతట అదే రాలిపోవాలి. ఆమె ఇనుప తాడును ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా పూసింది, దాని మీద కుంకుమ బొట్లు వరసగా పెట్టింది. చూడముచ్చటగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. పూజకు ముందు తాడును గుడ్డతో చూడాల్సినవాణ్ణి నేను. పండగ పనుల్లో, మేకను కొనే హడావిడిలో పడి పది రోజులుగా చూడలేదు.

పండగ మరునాడు పొద్దున్నే పెద్ద రాయి ఒకటి ఎక్కించాల్సి వచ్చింది. ఉన్న గొలుసు ఆ బరువుకు చాలదు. ఇనుప తాడే దిక్కు. ఉస్తాద్ దాని దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చేతిలో గుడ్డపీలిక ఉంది కానీ తాడుకు ఆనించలేదు. పసుపు పెచ్చు కట్టి ఎండిపోయి ఉంది. కాసేపు అట్లాగే చూసి తల ఎత్తి నన్ను అడిగాడు.

"పూజ కంటే ముందు సూసినవా బేటా?"

"సూసిన" అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. బామ్మర్ది పక్కనే ఉన్నాడు, వింటున్నాడు. చూడలేదంటే నెల రోజులు ఆటపట్టిస్తాడు. అంతే కారణం.

రాయికి సిలింగు వేశాం, అంచుల్లో గోనెసంచి పెట్టాం. ఏ పెద్ద రాయినైనా ముందు జానెడు లేపి ఆపి, కాసేపు చూసి, ఆ తర్వాతే పైకి లేపడం ఆయన అలవాటు. ఆ కాసేపు రాయి దగ్గర ఎవరూ ఉండకూడదు. మిగతా రోజుల్లో రెండడుగులు జరిగితే ఊరుకునేవాడు. ఆ రోజు అందరినీ పది అడుగులు వెనక్కి పొమ్మన్నాడు. బామ్మర్ది మాత్రం రాయి మీద చెయ్యి వేసి నవ్వుతూ నిలబడ్డాడు.

"జరుగు" అన్నాడు ఉస్తాద్.

"నేను వట్టుకోకుంటే ఊగుతది ఉస్తాద్."

"ఊగనియ్యి. నువ్వు జరుగు."

పిడి దగ్గరి నలుగురూ ఆయన చెయ్యి కోసం చూస్తున్నారు. ఆయన చెయ్యి ఎత్తడు. ఇతను కదలడు. ఎండ పెరుగుతోంది. నాకు చిరాకెత్తి, "సాలు తియ్యి ఉస్తాద్, గింత ఫికరెందుకు? లేపనియ్యి" అన్నాను. ఆయన నా వైపు తిరిగి కూడా చూడలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి బామ్మర్దే విసుక్కుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అప్పుడు ఉస్తాద్ చెయ్యి లేచింది.

రాయి జానెడు లేచింది. ఆయన పిడికిలి బిగించాడు. పిడి ఆగింది. ఒకటి, రెండు అని నేను విసుగ్గా లెక్కపెడుతున్నాను. టక్కుమని ఒక చప్పుడు వచ్చింది, వెంటనే ఇంకోటి. పసుపు పొడి గాలిలోకి లేచింది. తాడు తెగి కొరడాలాగా గిరుక్కున తిరిగింది. రాయి ఒక మూల మీద పడి, అప్పటిదాకా బామ్మర్ది నిలబడ్డ చోట బెత్తెడు లోతున దిగబడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. బామ్మర్ది ఆ గుంటను చూసి, వేపచెట్టు నీడకు పోయి కూలబడ్డాడు. అతని నోట మాట లేకపోవడం అదే మొదటిసారి చూశాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. అందరి ముందే ఏడ్చాను.

మధ్యాహ్నం మా ఇంటామె జొన్నరొట్టెలు తీసుకుని వచ్చింది. జరిగింది ఎవరూ చెప్పక ముందే నేనే చెప్పాను. "పొద్దున ఉస్తాద్ అడిగిండు. సూసిన అన్న. సూడలె" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే నాకు కాస్త తేలికయ్యేది. రొట్టెల గంప తమ్ముడి ముందు దించి, అతను ఒక ముక్క నోట్లో పెట్టుకునేదాకా నిలబడి చూసింది. తర్వాత తెగిన సిలింగు దగ్గర కూర్చుని, కొంగుతో పసుపు తుడవడం మొదలుపెట్టింది. పూజ పసుపు తుడవొద్దని ఎవరో అన్నారు. ఆమె వినిపించుకోలేదు. పసుపు కింద, వంపు తిరిగినచోట, తీగలు పది పన్నెండు గొర్రె మేసిన గడ్డి మొదళ్ళలాగా నిక్కి ఉన్నాయి. వాటిలో చాలావరకు అంతకు ముందే తెగి తుప్పు పట్టినవే.

ఆమె ఉస్తాద్ వైపు చూసింది.

"కాకా, పొద్దున నీకు అనుమానమొచ్చిందా?"

"వచ్చింది బేటీ."

"మరెందుకు తుడువలె?"

ఆయన చేతిలోని గుడ్డపీలికను మడతలు పెట్టాడు. "నేనేమో సాయిబును. మీ పూజ పసుపు. నేను తుడిస్తె ఎవరేమనుకుంటరో అని చెయ్యి రాలె" అన్నాడు.

ఎన్నో ఏళ్ళుగా ఒకే సాసరులో చాయ్ పంచుకున్నవాళ్ళం. పొద్దున ఆ మాట ఆయన నాతో కూడా అనలేకపోయాడు. నాకు అబద్ధమాడినదానికంటే ఎక్కువ సిగ్గేసింది. మా ఇంటామే అంది.

"వచ్చే దసరకు పసుపు నేను పెట్ట. నువ్వే పెట్టు కాకా. ఏడ పెట్టాల్నో, ఏడ పెట్టొద్దో నీకే ఎరుక."

"నేను పెడితే మీ దేవుడు ఊకుంటడా బేటీ?"

ఆమె వేపచెట్టు వైపు చూపించింది.

"నా తమ్ముడు గాడ కూసోని రొట్టె తింటుండు. దేవునికి ఇంకేం గావాలె కాకా?"

ఉస్తాద్ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు. ఆ తర్వాత ఆయన యార్డులో ఉన్నన్నాళ్ళూ ప్రతి దసరాకూ సిలింగులకు పసుపు ఆయనే పెట్టాడు.