‘ఇంకా’ అన్నకాడ కోసెయ్

మొన్న మంగళవారం పొద్దున్నే మిర్యాలగూడ నుంచి మా మేడం చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క పోయింది బిడ్డా. నిన్న పొద్దుగూకంగ నీ పేరు గూడ తీసింది" అన్నారు. పొయ్యి మీద పాలు పొంగి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

తొంభైల మొదట్లో సూర్యాపేటలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో ఆమె మాకు పాఠం చెప్పేవారు. మేం పన్నెండు మందిమి, కంప్యూటర్ ఒక్కటే. అందరూ ఉద్యోగాలకు పనికొచ్చే భాషలు నేర్పుతుంటే, ఈమె ముందు లిస్ప్ నేర్పుతానని పట్టుబట్టారు. నిండా బ్రాకెట్లే ఉండే భాష అది. ప్రోగ్రామంతా చిన్న చిన్న ఫంక్షన్లుగా రాయాలి, ఒక్కోదానికి ఒక్కటే పని. "ఇచ్చింది తీస్కోవాలె, కొత్తది చేసి ఇయ్యాలె. ఇచ్చినదాన్ని ఖరాబ్ చెయ్యొద్దు, పక్కోళ్లది ముట్టొద్దు" అనేవారు. మా నాన్న నేరేడుచర్ల రైస్ మిల్లులో పనిచేస్తాడని తెలిశాక ఉదాహరణలన్నీ వడ్లతోనే చెప్పారు.

ఆమె పరీక్ష వింతగా ఉండేది. మనం రాసిన ఫంక్షన్ ఏం చేస్తుందో నోటితో చెప్పాలి. "తడి వడ్లను పక్కకు తీస్తది మేడం, ఇంకా..." అన్నామో, సుద్దముక్క పట్టిన చెయ్యి పైకి లేచేది.

"ఆగు. ఇంకా అన్నకాడ కోసెయ్. గాడికెల్లి ఇంకో ఫంక్షన్."

ఇంట్లో కూడా ఆ మాట అనడానికి జంకేవాళ్లం. అమ్మ "ఇంకా పెట్టనా?" అని గరిటె పట్టుకుంటే నాకు నవ్వొచ్చేది.

మా అందరికీ కలిపి ఆమె ఒక ఫైలు రాసి పెట్టారు. అందులో ‘ఎండినదా’ అని ఒక ఫంక్షన్ ఉండేది. వడ్లలో తేమ హద్దు దాటిందో లేదో అది చెప్పేది. అందరి ప్రోగ్రాములూ దాన్నే వాడుకునేవి. ఒకసారి సెంటర్ ఓనరు తనకు తెలిసిన ఇంజినీరును తీసుకొస్తానన్నాడు. ఈ భాష దండగ అని తేల్చడానికేనని మాకు తెలుసు. ముందు రోజు సాయంత్రం నా ప్రోగ్రాం సరైన జవాబు ఇవ్వలేదు. నాకిచ్చిన వడ్లకు తేమ హద్దు వేరు. నేను ‘ఎండినదా’ తెరిచి, హద్దును నాకు సరిపోయేలా మార్చేసి, హాయిగా బస్సెక్కాను.

మర్నాడు ఆ ఇంజినీరు ముందు నా ఒక్కదాని ప్రోగ్రామే సరిగ్గా నడిచింది. పదకొండు మందివీ తప్పాయి. ఓనరు నవ్వాడు. మేడం ఆ ఫైలు తెరిచి చూశారు. మా ఎవరి వైపూ తల తిప్పకుండా, "హద్దు నేనే మార్చిన సార్. పొరపాటు నాదే" అన్నారు.

వాళ్లు వెళ్లాక మాతో, "హద్దును లోపల దాసిపెట్టుడే తప్పు. పిలిచెటోళ్లు చేతికిచ్చేటట్టు రాయాల్సింది" అన్నారు. అప్పుడు కూడా పాఠమే చెప్పారు.

లిస్ప్ క్లాసు ఆ రోజుతో ఖతం. ఆమెను కోదాడ బ్రాంచికి పంపేశారు. సూర్యాపేట బస్టాండులో టిఫిన్ డబ్బా పట్టుకుని కోదాడ బస్సు కోసం నిలబడ్డ ఆమెను ఎన్నోసార్లు చూశాను. చూసి, స్తంభం చాటుకు తప్పుకున్నాను. ఇది చదివేవాళ్లలో ఆ పదకొండు మందిలో ఎవరైనా ఉంటే, ఆ హద్దు మార్చింది నేనే.

పాతికేళ్లకు పైగా ఆమె నేర్పినదాంతోనే అన్నం తింటున్నాను. ఇప్పుడు రాసే భాష వేరు, కోసే పద్ధతి ఆమెదే. నా దగ్గర పనిచేసేవాళ్లు ‘ఇంకా’ అంటే నా చెయ్యి దానంతటదే లేస్తుంది.

పోయిన నెల మిర్యాలగూడ వెళ్లాను, చెప్పేద్దామనే. మంచంలో మనిషి సగమైపోయారు. నా ఉద్యోగం గురించి, మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, దారిలో ఆగిపోయిన బస్సు గురించి చెప్పాను. అదొక్కటే చెప్పలేదు. "వస్త మేడం" అని లేచాను.

ఆమె చెయ్యి మెల్లగా పైకి లేపారు. ఆగమన్నట్టు.

"ఇంకా?" అన్నారు.

మా నోట వినిపిస్తే చాలు కోసేసిన మాట, ఆమె నన్ను అడిగారు. తెలిసే అడిగారేమో.

"ఏం లేదు మేడం" అన్నాను.

గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. సుద్దముక్క లేని ఆ చెయ్యి ఇంకా పైకే ఉంది.