ఆయమ్మ కథతో ఆడిన నాటకం

నేను బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, అంటే ఎనభైల మొదట్లో, మా కాలేజీలో తెలుగు మేడమ్ ఆడపిల్లల చేత గోడపత్రిక పెట్టించింది. మేం రాసిన కవితలూ గీసిన బొమ్మలూ డ్రాయింగు షీట్ల మీద అతికించి లైబ్రరీ మెట్ల పక్కన తగిలించేవాళ్లం. మొదట్లో అన్నీ వాన మీదా వెన్నెల మీదా. మేడమ్ చదివి, "ఇవి సరే. మీ ఒంటి గురించి మీరెందుకు రాయరు?" అంది. క్లాసులో సగం మంది తల దించేసుకున్నారు. నేను ఆ రోజే ఆవిడ మనిషినైపోయాను.

మా నాన్నకి పోర్టులో ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి వచ్చి గాజువాకలో కాపురం పెట్టాం. బస్సుల్లో వచ్చే మాలాంటి వాళ్లకి కాలేజీలో ఒక వెయిటింగ్ రూము ఉండేది. మధ్యాహ్నం అక్కడే క్యారియర్లు విప్పేవాళ్లం. ఆ గది చూసుకునేది ఆయమ్మ. ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో, అయినా అందరికీ ఆయమ్మే. నెలసరి నొప్పితో ఎవరైనా బల్ల మీద ముడుచుకుని పడుకుంటే, అడక్కుండానే సీసాలో వేడినీళ్లు పోసి తెచ్చిచ్చేది.

ఒక రోజు నేనూ అలాగే పడుకున్నాను. గదిలో ఇద్దరమే. ఆయమ్మ నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"పిల్లలు పుడితే ఈ నొప్పి తగ్గుద్దని మా అమ్మ సెప్పీది. పిల్లలు పుట్టారు, పోనారు. నొప్పి మాత్రం ఉండిపోనాది" అంది.

ఆ మధ్యాహ్నమే నాకంతా చెప్పింది. ఆమెది సబ్బవరం పక్క పల్లె. ఎమర్జెన్సీ రోజుల్లో రెండో కాన్పుకి ఆస్పత్రిలో చేరింది. పురుడయ్యాక ఎవరో కాగితం తెచ్చి వేలిముద్ర వేయించుకున్నారు. పాలపొడి ఇస్తారు కాబోలనుకుంది. పొట్ట మీద కుట్లు చూసుకుని అడిగితే, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని నర్సు చెప్పింది. ఏడాది తిరక్కుండా పిల్లలిద్దరూ వాంతులూ విరేచనాలతో పోయారు. మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఈమె పట్నం వచ్చి, పోర్టులో మూటలు మోసే అతన్ని మనువాడింది.

"ఆపరేషన్ సంగతి మా ఇంటాయనకి తెల్దు, పాపా. పిల్లలు పుట్టాలని మా అత్త నన్ను తిప్పని గుడి నేదు. నానూ ఆవిడెనకాల దణ్ణాలెట్టేత్తన్నాను."

ఆ నెలలోనే మేడమ్ ఆడవాళ్ల సాహిత్య సభ తలపెట్టింది. కవితలు, బొమ్మల ప్రదర్శన, ఒక నాటిక. నాటిక నేను రాస్తానన్నాను. నీ కథే ఆడనా అని ఆయమ్మని అడిగాను.

చాలాసేపు ఊడుస్తూనే ఉంది. చివరికి, "ఆడుకో. నా పేరు ఎత్తకు, నానని తెలీనీకు" అంది.

"తెలియనివ్వను ఆయమ్మా. ఒట్టు."

ఆమె పాత్ర నేనే వేశాను. ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో ఆమే నేర్పింది. "అలా గబుక్కున నెగిసిపోతావేటి? నాను పురిటిదాన్ని" అని నవ్వేది. ఆమె నవ్వడం ఆ పది రోజుల్లోనే చూశాను.

సభ రోజు హాలు నిండిపోయింది. ముఖ్య అతిథిగా ఒక లేడీ డాక్టరు వచ్చింది. మొదట నా యాసకి పిల్లలు నవ్వారు. కాగితం మీద వేలిముద్ర వేసే చోటికి వచ్చేసరికి చప్పుడు లేదు. ఆయమ్మ వెనక తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

తర్వాత డాక్టరుగారు మైకు తీసుకుంది. "అమ్మాయి బాగా నటించింది. కానీ ఇలాంటివి కల్పించి ఆడితే పల్లెటూరి ఆడవాళ్లు ఆస్పత్రికి రావడం మానేస్తారు. చెప్పకుండా ఎవరూ ఆపరేషన్ చెయ్యరు" అంది.

నా ఒళ్లు మండిపోయింది. స్టేజీ మీద నుంచే, "కల్పన కాదండీ. ఆ మనిషి ఇక్కడే ఉంది" అని తలుపు వైపు వేలు చూపించాను.

హాలంతా వెనక్కి తిరిగింది. ఆయమ్మ ఒక్క క్షణం నన్ను చూసి బయటికి వెళ్లిపోయింది. నాకు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నేనేం చేశానో నాకు తెలియలేదు.

మర్నాడు ఆయమ్మ పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మా కాలేజీ అటెండరుది వాళ్ల వీధేననీ, సభ సంగతి అతనే మోసుకెళ్లాడనీ అప్పుడు తెలిసింది. మేడమూ నేనూ ఫిషింగ్ హార్బర్ పక్కనున్న ఆ వీధికి వెళ్లాం. అత్తగారు గుమ్మంలోంచి లేవలేదు.

"పిల్లలు పుట్టరని తెలిసీ మూడేళ్లు మా కూడు తిన్నాది. ఎల్లగొట్టీసినాం" అంది.

ఆమె అన్నగారింటికి చేరిందని తెలిసి, ఆదివారం నేనొక్కదాన్నే బస్సెక్కి సబ్బవరం పక్కన వాళ్ల పల్లె వెళ్లాను. పశువుల పాక పక్కన కూర్చుని బెండకాయలు బుట్టకెత్తుతోంది. నన్ను చూసి కోప్పడలేదు. మంచినీళ్లిచ్చింది. మేడమ్ ప్రిన్సిపాల్‌తో మాట్లాడుతుందనీ, ఉద్యోగం ఎక్కడికీ పోదనీ చెప్పాను. తప్పయిపోయిందన్నాను.

"నాటకం ఆడుకోమన్నాను గానీ నన్ను సూపించమన్నానా, పాపా? ఆ దినం ఆస్పత్రిలో ఆళ్లూ నన్నడగనేదు. నువ్వూ అడగనేదు" అంది. బుట్ట ఎత్తుకుని, "బస్సెల్లిపోద్ది, నెగు" అంది.

నేను లేచాను.

గోడపత్రిక ఆగలేదు. జరిగింది రాయమని మేడమ్ అడిగింది. కలం పట్టుకుని కూర్చుంటే, ఈ రాతకీ చప్పట్లు పడతాయేమోనని భయమేసింది. రాయలేదు. మరుసటి ఏడు అదే నాటిక వేరే కాలేజీ పోటీల్లో ఆడారు, నా పాత్ర ఒక జూనియర్ వేసింది. బహుమతి వచ్చింది. వద్దని నేను చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క మాట అనే హక్కు కూడా నాకు మిగల్లేదనిపించి నోరు మూసుకున్నాను.

డిగ్రీ అయ్యాక మళ్లీ ఆ పల్లెకి వెళ్లాను. వదినగారు ఒక్కతే ఉంది.

"ఇటుకల బట్టీలోకి ఎవలితోటో ఎల్లిపోనాది. ఏ ఊరో సెప్పనేదు. మీకేటి గావాల?" అంది.

రోడ్డు మీదికి వచ్చి ఎండలో నిలబడ్డాను. గంటకి బస్సు వచ్చింది. ఎక్కాను.